ఆఫీస్‌ని ప్యాక్ చేయడం అరపూట పని, మిగతాది మూడు వారాలు

ఎమ్మెస్ ఆఫీస్‌ని యాప్-వీ సీక్వెన్సర్‌లో పెట్టి ప్యాక్ చేయాలని చూడకండి. నేను చూశాను. (యాప్-వీ అంటే ప్రోగ్రామ్‌ని విండోస్‌లో కలిపేయకుండా విడి ప్యాకేజీగా ఇచ్చే మైక్రోసాఫ్ట్ పద్ధతి. ఇన్‌స్టాల్ అవుతున్నదాన్ని గమనించి ప్యాకేజీ కట్టే దాని సాధనమే సీక్వెన్సర్.) కొత్త వర్చువల్ మెషిన్ తెచ్చుకుని, అప్‌డేట్లు ఆపి, డిఫెండర్ ఆపి, మిగతా సాఫ్ట్‌వేర్లకు చేసినట్టే మానిటరింగ్ మొదలుపెట్టి ఆఫీస్ ఇన్‌స్టాల్ చేసుకుంటూ పోయాను. రెండు రోజులు పోయాయి. వచ్చిన ప్యాకేజీ ఒక్క మెషిన్ మీద కూడా సరిగ్గా తెరుచుకోలేదు. ఆ తర్వాత తీరిగ్గా డాక్యుమెంట్ చదివితే తెలిసింది, ఆఫీస్ 2010తోనే ఆ దారి మూసేశారని. 2013 నుంచి ఆఫీస్ డిప్లాయ్‌మెంట్ టూల్ అనే చిన్న ప్రోగ్రామే ప్యాకేజీ తయారు చేసి చేతిలో పెడుతుంది. ముందే చదివి ఉంటే అరపూటలో అయిపోయేది.

నేను బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీ డెస్క్‌టాప్ టీమ్‌లో పనిచేస్తాను. ఊరు మదనపల్లె. మా దగ్గర 600 మంది దాకా రిమోట్ డెస్క్‌టాప్ సెషన్ హోస్టుల మీద పనిచేస్తారు, అంటే ఒక్కో సర్వర్ మీద ముప్పై, నలభై మంది ఒకేసారి లాగిన్ అయి ఉంటారు. వాళ్లందరికీ ఆఫీస్‌ని యాప్-వీ ప్యాకేజీగా ఇచ్చిన పని నాది. ఈ దారిలో మీరూ వస్తుంటే నేను తిన్న దెబ్బలు మీరు తినక్కర్లేదని రాస్తున్నాను.

మీకు ఇది అవసరమా?

యాప్-వీ అంటే ఏమిటో చెప్పడానికి మారతహళ్లి పీజీ చాలు. మంచం మీకే, బీరువా మీకే, కానీ గోడకు మేకు కొట్టకూడదు. ఖాళీ చేసిన రోజు పెట్టె ఎత్తుకుని వెళ్లిపోతారు, గోడ ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. ప్యాకేజీగా వచ్చిన ప్రోగ్రామ్ కూడా అంతే. దాని ఫైళ్లు, దాని రిజిస్ట్రీ (విండోస్‌లో సెట్టింగులు రాసుకునే చోటు) దానితోపాటే ఒక పొరలో ఉంటాయి. కింద ఉన్న విండోస్‌కి మేకు దెబ్బ తగలదు. తీసేయాలంటే పొర లాగేస్తే చాలు.

దీన్ని మైక్రోసాఫ్ట్ సొంతంగా పుట్టించలేదు. సాఫ్ట్రిసిటీ అనే కంపెనీ సాఫ్ట్‌గ్రిడ్ పేరుతో అమ్ముతుంటే 2006లో కొనుక్కుంది. విండోస్ 10లో 1607 వెర్షన్ నుంచి ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో యాప్-వీ క్లయింట్ (ప్యాకేజీల్ని నడిపే భాగం) లోపలే ఉంటుంది, ఆన్ చేసుకోవాలంతే. విండోస్ సర్వర్ 2016లోనూ ఉంది. ప్రో ఎడిషన్‌లో మాత్రం వెతక్కండి, దొరకదు. మా హెల్ప్‌డెస్క్ తమ్ముడు ఒక పూటంతా వెతికాడు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఇప్పుడు మామూలుగా ఇన్‌స్టాల్ చేసే క్లిక్-టు-రన్ ఆఫీస్ లోపల నడిచేది కూడా యాప్-వీ టెక్నాలజీయే. అందుకే ప్రతి మనిషికీ సొంత ల్యాప్‌టాప్ ఉన్న చోట ఆఫీస్‌ని మళ్లీ ప్యాకేజీ చేయడం నా లెక్కలో దండగ. నేరుగా ఇన్‌స్టాల్ చేసి, అప్‌డేట్లు దాని మానాన దాన్ని తెచ్చుకోనివ్వండి. సెషన్ హోస్టుల సంగతి వేరు. అక్కడ సర్వర్ ఇమేజ్‌ని (సర్వర్లన్నీ తయారయ్యే మూల నకలుని) ముట్టుకోకుండా ఈ నెల వెర్షన్ ఎక్కించి, బాగాలేకపోతే రాత్రికి రాత్రి పాతది పెట్టేయొచ్చు. నేను ఈ కష్టమంతా పడింది ఆ ఒక్క సౌకర్యం కోసమే.

ఇంకో మాట. యాప్-వీ సర్వర్‌కి మైక్రోసాఫ్ట్ 2026 ఏప్రిల్ వరకే సపోర్ట్ ప్రకటించింది. కాబట్టి మేనేజ్‌మెంట్ సర్వర్, పబ్లిషింగ్ సర్వర్ అంటూ కొత్తగా కట్టుకోకండి. క్లయింట్, సీక్వెన్సర్, ఒక ఫైల్ షేర్, కొంచెం పవర్‌షెల్ (విండోస్ కమాండ్ స్క్రిప్టులు) ఉంటే పని నడుస్తుంది. కాన్ఫిగరేషన్ మేనేజర్ (మెషిన్లకు సాఫ్ట్‌వేర్ పంపే మైక్రోసాఫ్ట్ సాధనం) ఉన్నవాళ్లు దాని ద్వారా పంపుకోవచ్చు. మేము సర్వర్ పైకి లేచేటప్పుడు నడిచే స్టార్టప్ స్క్రిప్ట్‌తోనే సరిపెట్టుకున్నాం.

ముందు ఎక్సెల్ చుట్టూ ఏముందో చూడండి

మూడు వారాలన్నది ఈ పనికే. ఆఫీస్‌ని ఒంటరిగా వాడే ఆఫీసు ఏదీ ఉండదు. ఎక్సెల్‌కి ఏదో ఒకటి వేలాడుతూనే ఉంటుంది, అది ఎవరు ఎప్పుడు పెట్టారో ఐటీ వాళ్లకు తెలియదు. మేనేజర్లకు మెయిల్ పెట్టి "మీ టీమ్‌లో ఏ యాడ్-ఇన్‌లు వాడుతున్నారు" అని అడిగితే సగం మంది జవాబే ఇవ్వలేదు, జవాబిచ్చినవాళ్లు "ఏమీ లేవు" అన్నారు. యాడ్-ఇన్ అనే మాట వాళ్లకు తెలియదు కదా. వాళ్ల దృష్టిలో అది ఎక్సెల్‌లో ఉన్న ఒక బటన్, మొదటి నుంచీ అక్కడే ఉంది.

అందుకని మనుషుల్ని అడగడం మానేసి మెషిన్లను అడిగాను. పాత సర్వర్ల మీద, ఇంకా కొన్ని డెస్క్‌టాప్‌ల మీద ఒక స్క్రిప్ట్ నడిపి రిజిస్ట్రీలో ఎక్సెల్, వర్డ్, ఔట్‌లుక్ కింద యాడిన్స్ అనే కీలో ఏమున్నాయో రాబట్టాను. మెషిన్ మొత్తానికి ఉండే హెచ్‌కేఎల్‌ఎమ్ ఒక్కటే చూస్తే సరిపోదు. యూజర్‌కి సొంతంగా ఉండే హెచ్‌కేసీయూలోనూ చూడాలి, చాలా బటన్లు దాక్కునేది అక్కడే. 32 బిట్ ఆఫీస్ అయితే వావ్6432నోడ్ కింద కూడా చూడండి. ఎక్స్‌ఎల్‌స్టార్ట్ ఫోల్డర్ తెరిచి చూడండి, ఎవరో ఎప్పుడో పెట్టిన మాక్రో ఫైలు ప్రతి పొద్దున తనంతట తాను తెరుచుకుంటూ ఉంటుంది. ఓడీబీసీలో (ఎక్సెల్ వేరే సాఫ్ట్‌వేర్ల నుంచి డేటా లాగే దారి అది) ఉన్న డీఎస్‌ఎన్‌ల, అంటే ఆ కనెక్షన్ల, జాబితా తీయండి. మా అకౌంట్స్ వాళ్లు టాలీ నుంచి ఓడీబీసీ ద్వారా ఎక్సెల్‌లోకి లెడ్జర్లు లాగుతారని నాకు ఆ జాబితా చూశాకే తెలిసింది.

తర్వాత పెద్ద ప్రశ్న 32 బిట్టా, 64 బిట్టా అన్నది. కొత్తది కదా 64 ఇచ్చేద్దాం అని చేయి దురద పెడుతుంది. ఆగండి. పాత వీబీఏ మాక్రోల్లో (ఎక్సెల్ లోపల రాసే చిన్న ప్రోగ్రాముల్లో) విండోస్ ఫంక్షన్లను పిలిచే డిక్లేర్ లైన్లు ఉంటే, వాటిలో పీటీఆర్‌సేఫ్ అన్న మాట లేకపోతే 64 బిట్‌లో ఆ మాక్రో కంపైల్ కాదు. ఫారం మీద తేదీ ఎంచుకునే పాత డేట్ పికర్ కంట్రోల్ 64 బిట్ ఆఫీస్‌కి అసలు రాలేదు. మా హెచ్‌ఆర్ లీవు ఫారం ఒకటి దాని మీదే నడిచేది. ఓడీబీసీ డ్రైవర్లకూ ఇదే గొడవ: 32 బిట్ ఎక్సెల్‌కి 32 బిట్ డ్రైవరే కనిపిస్తుంది. పెద్ద పెద్ద వర్క్‌బుక్‌లు చేసే అనలిటిక్స్ టీమ్‌కి 64, మిగతావాళ్లకు 32 ఇద్దామా అని ఆలోచించాం. కానీ ఒకే మెషిన్ మీద రెండు ఆఫీస్ ప్యాకేజీలు కలిసి ఉండవు. చివరికి అనలిటిక్స్‌కి రెండు సర్వర్లు విడిగా కేటాయించి అక్కడ 64 పెట్టాం.

బెంగళూరులో ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా ఒక సంగతి. ప్రభుత్వ శాఖలకు కన్నడలో ఉత్తరాలు రాసే అడ్మిన్ టీమ్ మీ దగ్గరా ఉంటుంది, వాళ్లు నుడి అనే కన్నడ టైపింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతుంటారు. దాన్ని ఆఫీస్ ప్యాకేజీలో కలపాలని చూడకండి. ఫాంట్లూ, కీబోర్డును పట్టుకునే ప్రోగ్రామూ విండోస్‌లోనే మామూలుగా ఇన్‌స్టాల్ అయి ఉండాలి. విండోస్‌లో ఉన్న ఫాంట్లు ప్యాకేజీలోని వర్డ్‌కి చక్కగా కనిపిస్తాయి. దీనికి నాకు పావుగంట కూడా పట్టలేదు, అన్నీ ఇలా ఉంటే ఎంత బాగుండేది.

ప్యాకేజీ తయారీ

64 బిట్ విండోస్‌తో ఒక శుభ్రమైన వర్చువల్ మెషిన్ తీసుకోండి, ఆఫీస్ ఏ రూపంలోనూ ఉండకూడదు. స్నాప్‌షాట్ (ఆ స్థితికి మళ్లీ వెనక్కి రాగలిగే నకలు) తీసి పెట్టుకోండి. డిప్లాయ్‌మెంట్ టూల్‌ని మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి దింపి విప్పితే సెటప్ ప్రోగ్రామ్, సెట్టింగులు రాసుకునే కొన్ని నమూనా ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లు వస్తాయి. మీ పనంతా ఆ ఎక్స్‌ఎమ్‌ఎల్‌లోనే.

మొదట ఎడిషన్: 32 లేదా 64. తర్వాత ప్రొడక్ట్ పేరు. సబ్‌స్క్రిప్షన్ ఉన్నవాళ్లు ఓ365ప్రోప్లస్‌రిటైల్ అని రాయాలి. రిటైల్ అని ఉంది కదా అని కంగారు పడకండి, కంపెనీ సబ్‌స్క్రిప్షన్‌కి కూడా ఆ పేరే. ఛానెల్ (కొత్త ఫీచర్లు ఎంత తరచుగా రావాలన్నది) దగ్గర సెమీ యాన్యువల్ పెట్టుకోండి, ఆరు నెలలకొకసారి తప్ప ఫీచర్లు మారవు, హెల్ప్‌డెస్క్ వాళ్లు మీకు దండం పెడతారు. అక్కర్లేని వాటిని ఎక్స్‌క్లూడ్ యాప్ లైన్లతో తీసేయండి. యాక్సెస్ తీసేసే ముందు మాత్రం పైన చెప్పిన జాబితా ఇంకోసారి చూసుకోండి.

మూడు సంగతులు మర్చిపోకూడదు. ఒకటి, అప్‌డేట్స్ ఎనేబుల్డ్ అన్నచోట ఫాల్స్ ఉండాలి, ప్యాకేజీ తనను తాను మార్చుకోకూడదు. రెండు, షేర్డ్ కంప్యూటర్ లైసెన్సింగ్‌కి విలువ 1 ఇవ్వాలి. అది లేకపోతే సెషన్ హోస్ట్ మీద సబ్‌స్క్రిప్షన్ ఆఫీస్ పనిచేయదు, టెర్మినల్ సర్వీసెస్ నడిచే కంప్యూటర్ మీద ఈ కాపీ వాడకూడదని మెసేజ్ వస్తుంది. మూడు, విజియో, ప్రాజెక్ట్ కొందరికే ఇవ్వాలన్నా వాటిని ఆఫీస్‌తోపాటు ఇదే ప్యాకేజీలో పెట్టాలి. ఇందాక చెప్పినట్టు రెండో ఆఫీస్ ప్యాకేజీకి అదే మెషిన్ మీద చోటు లేదు. విజియో వాడని వాళ్లకు అది తెరుచుకోకుండా విండోస్‌లోని యాప్‌లాకర్‌తో ఆపుకోవచ్చు. మేము విజియో వాళ్లందరినీ ఒకే సర్వర్ గ్రూపుకి పంపేశాం, తలనొప్పి తగ్గింది.

ఇప్పుడు అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి సెటప్‌కి డౌన్‌లోడ్ అనే స్విచ్, పక్కన మీ ఎక్స్‌ఎమ్‌ఎల్ పేరు ఇచ్చి నడపండి. స్క్రీన్ మీద ఏమీ కదలదు. ఫైళ్లు దిగుతున్నాయో లేదో ఫోల్డర్ సైజు చూసి తెలుసుకోవాల్సిందే. అది అయ్యాక ప్యాకేజర్ అనే స్విచ్, ఎక్స్‌ఎమ్‌ఎల్ పేరు, ప్యాకేజీ ఎక్కడికి రావాలో ఆ ఫోల్డర్ ఇచ్చి మళ్లీ నడపండి. టీ తాగి రండి. వచ్చేసరికి ఔట్‌పుట్‌లో రెండు ఫోల్డర్లు ఉంటాయి. ప్యాకేజీలు ఉన్నదాంట్లో పెద్ద యాప్-వీ ఫైలు ఒకటి, డిప్లాయ్‌మెంట్ కాన్ఫిగ్, యూజర్ కాన్ఫిగ్ అని రెండు ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లు ఉంటాయి. రెండోది వర్కింగ్ డైరెక్టరీ, దాన్ని చెరిపేయొచ్చు.

ప్యాకేజీ వెర్షన్ నంబరు ఆఫీస్ వెర్షన్ మారితేనే మారుతుంది. మీరు మధ్యలో ఒక ఎక్స్‌క్లూడ్ లైన్ మార్చి మళ్లీ ప్యాక్ చేస్తే నంబరు అలాగే ఉంటుంది. ఫోల్డర్ పేరులో తేదీ, ఏం మార్చారో రాసి పెట్టుకోండి. లేకపోతే మూడు నెలల తర్వాత ఏది ఏదో మీకే తెలియదు.

సర్వర్ల మీదికి

ప్యాకేజీని ఫైల్ షేర్‌లో పెట్టాక అనుమతులు సరిచూడండి. స్టార్టప్ స్క్రిప్ట్ నడిచేది మెషిన్ అకౌంట్ మీద. అందుకే షేర్‌కీ, ఫోల్డర్‌కీ కూడా డొమైన్ యూజర్స్‌తోపాటు డొమైన్ కంప్యూటర్స్‌కి కూడా రీడ్ ఇవ్వాలి. నేను మొదటి రోజు యూజర్లకు మాత్రమే ఇచ్చాను. నేను లాగిన్ అయి చేతితో నడిపితే పనిచేస్తోంది, సర్వర్ రీస్టార్ట్ అయితే చేయడం లేదు. గంటన్నర బుర్ర గోక్కున్నాను.

స్క్రిప్ట్‌లో వరస ఇది. మొదట ఎనేబుల్-యాప్‌వీ కమాండ్‌తో క్లయింట్‌ని ఆన్ చేయాలి. తర్వాత క్లయింట్ సెట్టింగుల్లో ఎనేబుల్ ప్యాకేజ్ స్క్రిప్ట్స్‌కి 1 ఇవ్వాలి, ఆఫీస్ ప్యాకేజీ లోపల స్క్రిప్టులు ఉంటాయి, అవి నడవకపోతే లైసెన్సింగ్ దగ్గర నుంచీ అన్నీ తేడా కొడతాయి. దాని తర్వాతే ప్యాకేజీని సర్వర్‌కి చేర్చే యాడ్ కమాండ్, ఆ తర్వాత దాన్ని వాడేవాళ్లకు కనిపించేలా చేసే పబ్లిష్ కమాండ్. పబ్లిష్‌కి గ్లోబల్ అన్న స్విచ్ తప్పనిసరి. మిగతా ప్యాకేజీల్ని యూజర్‌కి విడిగా పబ్లిష్ చేయొచ్చు కానీ ఆఫీస్‌ని మెషిన్ మొత్తానికే చేయాలి.

షేర్డ్ కంటెంట్ స్టోర్ అనే మోడ్ ఒకటి ఉంది. దాన్ని ఆన్ చేస్తే ప్యాకేజీ సర్వర్ డిస్క్ మీదికి రాదు, కావలసిన ముక్క కావలసినప్పుడు షేర్ నుంచి వస్తుంది. డిస్క్ ఆదా అవుతుంది కదా అని మేము అన్నిటికీ ఆన్ చేసేశాం. ఏడాది పొడుగునా బాగానే ఉంది. 2022 సెప్టెంబరు మొదటి వారంలో వానలకు ఔటర్ రింగ్ రోడ్డు మునిగి, బెల్లందూరు వైపు ట్రాక్టర్లలో జనాన్ని దాటించారు గుర్తుందా? ఆ రోజు ఎవరూ ఆఫీసుకు రాలేదు. మామూలుగా ఎనిమిది నుంచి పదకొండు దాకా విడివిడిగా వచ్చే జనం తొమ్మిదింటికల్లా ఇళ్ల నుంచి ఒకేసారి లాగిన్ అయ్యారు, అందరూ ఒకేసారి ఔట్‌లుక్ తెరిచారు. ఫైల్ షేర్ ఉన్న సర్వర్ నెట్‌వర్క్ కార్డు ఊపిరాడక నిలబడిపోయింది. వర్డ్ తెరవడానికి నాలుగు నిమిషాలు. ఫోన్ ఎత్తితే చాలు తిట్లు.

సరిచేయడం సులువే. ఆ మోడ్ ఆన్‌లో ఉన్నా సరే, మౌంట్ కమాండ్ ఇచ్చిన ప్యాకేజీ పూర్తిగా లోకల్ డిస్క్ మీదికి దిగుతుంది. ఇప్పుడు మా సర్వర్లు రాత్రి రెండింటికి రీస్టార్ట్ అవుతాయి, స్క్రిప్ట్ చివర ఆఫీస్‌ని ఒక్కదాన్ని మౌంట్ చేస్తుంది. ఎప్పుడో ఒకసారి వాడే చిన్న సాఫ్ట్‌వేర్లు మాత్రం షేర్ నుంచే వస్తాయి.

కోలారు అక్క బటన్

మొదటి రెండు సర్వర్ల మీద ఆఫీస్ పెట్టిన మర్నాడు అకౌంట్స్ నుంచి ఫోన్. అక్కడ కోలారు అక్క ఒకావిడ ఉంది, కన్నడం, తెలుగు కలిపి మాట్లాడుతుంది.

"నా బటన్ యాడికి పోయింది మా?"

"ఏ బటనక్కా?"

"పైన ఉంటుందే, బ్యాంకుది. అది నొక్కితేనే నా పని."

వెళ్లి కూర్చుని చూశాను. ఎక్సెల్ రిబ్బన్‌లో ఒక ట్యాబ్ ఉండేది, బ్యాంకు స్టేట్‌మెంట్‌ని లెడ్జర్‌తో సరిచూసే యాడ్-ఇన్. నా జాబితాలో అది ఉంది. దాన్ని సీక్వెన్సర్‌తో విడిగా ప్యాక్ చేసి, ఆఫీస్ ప్యాకేజీతో కనెక్షన్ గ్రూప్‌లో కలిపాను కూడా. కనెక్షన్ గ్రూప్ అంటే పక్కపక్క పీజీ గదుల మధ్య తలుపు తీసినట్టు, రెండు ప్యాకేజీలు ఒకదాన్నొకటి చూసుకోగలుగుతాయి. గ్రూప్ ఎనేబుల్ అయిందని పవర్‌షెల్ చెబుతోంది. ఈవెంట్ వ్యూయర్‌లో మైక్రోసాఫ్ట్, యాప్‌వీ, క్లయింట్, అడ్మిన్ లాగ్ తెరిస్తే ఒక్క ఎర్ర గుర్తు లేదు. కానీ బటన్ లేదు.

ఇలాంటప్పుడు బయట నుంచి ఎంత చూసినా లాభం లేదు, పొర లోపలికి దిగాలి. కమాండ్ ప్రాంప్ట్‌కి యాప్‌వీవీఈ అనే స్విచ్, దాని పక్కన ప్యాకేజీ ఐడీ, అండర్‌స్కోర్, వెర్షన్ ఐడీ ఇచ్చి తెరిస్తే అది ఆ వర్చువల్ వాతావరణంలోనే తెరుచుకుంటుంది. అందులోంచి రెజ్‌ఎడిట్ పిలిస్తే ఎక్సెల్‌కి కనిపించే రిజిస్ట్రీయే మీకూ కనిపిస్తుంది. నేను అలా దిగి ఎక్సెల్ కింద యాడిన్స్ కీ తెరిచాను. అక్కడ యాడ్-ఇన్ పేరే లేదు. దాని ప్రోగ్రామ్ ఫైళ్లన్నీ (డీఎల్‌ఎల్‌లు) తమ చోట తాము ఉన్నాయి, "నేనున్నాను" అని ఎక్సెల్‌కి చెప్పే ఆ ఒక్క కీ తప్ప.

తప్పు నాదే. యాడ్-ఇన్‌ని సీక్వెన్స్ చేసిన మెషిన్ మీద ఆఫీస్ లేదు. ఇన్‌స్టాలర్ వచ్చి, ఎక్సెల్ కోసం చూసి, కనిపించక, ఆ కీ రాయకుండా నిశ్శబ్దంగా పని ముగించుకుని వెళ్లిపోయింది. ఒక్క ఎర్రర్ ఇవ్వలేదు. కాబట్టి యాడ్-ఇన్‌ని ప్యాక్ చేసేటప్పుడు సీక్వెన్సర్ మెషిన్ మీద ముందు ఆఫీస్ పెట్టండి, అదే బిట్, అదే వెర్షన్. ఆఫీస్ పెట్టాక స్నాప్‌షాట్ తీసుకుని, అప్పుడు యాడ్-ఆన్ ఆర్ ప్లగ్-ఇన్ అన్న రకం ఎంచుకుని మానిటరింగ్ మొదలుపెట్టండి. ఇన్‌స్టాల్ అయ్యాక సేవ్ చేయకముందే ఎక్సెల్ ఒకసారి తెరిచి బటన్ వచ్చిందో లేదో కళ్లారా చూసుకోండి. డిప్లాయ్‌మెంట్ కాన్ఫిగ్ ఫైలులో కామ్ మోడ్, ఆబ్జెక్ట్స్ సెట్టింగులు (ప్రోగ్రాములు ఒకదాన్నొకటి పిలుచుకునే తీరుకి సంబంధించినవి) ఆఫీస్ ప్యాకేజీలో ఎలా ఉన్నాయో యాడ్-ఇన్ ప్యాకేజీలోనూ అలాగే ఉండాలి. రెండు ఫైళ్లూ పక్కపక్కన తెరిచి వరస వరసా పోల్చండి.

అలా మళ్లీ చేసి మర్నాడు పెడితే బటన్ వచ్చింది. "వచ్చె వచ్చె" అంది అక్క. ఆ మర్నాడు మళ్లీ పోయింది. ఈసారి కీ ఉంది, కానీ దాని లోడ్ బిహేవియర్ విలువ 3 ఉండాల్సింది 2 అయి ఉంది. 3 అంటే ఎక్సెల్‌తోపాటు లోడ్ అవుతుంది. 2 అంటే లోడ్ కాబోయి తన్నేసింది, ఎక్సెల్ దాన్ని పక్కన పెట్టేసింది అని. తవ్వితే ఆ యాడ్-ఇన్ ఒక నెట్‌వర్క్ ఫోల్డర్‌లోని సెట్టింగ్స్ ఫైలు కోసం చూస్తోందని, ఆ పొద్దున ఆ డ్రైవ్ మ్యాప్ కాకముందే అక్క ఎక్సెల్ తెరిచిందని తేలింది. దానికి యాప్-వీతో సంబంధమే లేదు, అయినా నింద మాత్రం కొత్త ఆఫీస్ మీదికే వస్తుంది. అలవాటు చేసుకోండి.

ఏ యాడ్-ఇన్‌ని ప్యాక్ చేయాలి, ఏది సర్వర్ మీద మామూలుగా ఇన్‌స్టాల్ చేయాలి అన్నదానికి నా కొలత ఇది: డ్రైవర్ ఉన్నా, విండోస్ లేచేటప్పుడే మొదలయ్యే సర్వీసు ఉన్నా ప్యాక్ చేయను. సెక్యూరిటీ వాళ్లు ఔట్‌లుక్‌లో పెట్టే మెయిల్ స్కానర్ లాంటివి కూడా మామూలుగానే ఇన్‌స్టాల్ చేస్తాను, వాటి అప్‌డేట్లు నా చేతిలో ఉండవు కాబట్టి. ఒక టీమ్ మాత్రమే వాడే, అరుదుగా మారే బటన్లను కనెక్షన్ గ్రూప్‌లో పెడతాను.

టెస్టింగ్, తేదీలు

వర్డ్ తెరుచుకుంది, ఎక్సెల్ తెరుచుకుంది అని టిక్కులు పెట్టి ముగిస్తే అది టెస్టింగ్ అనిపించుకోదు. ఔట్‌లుక్‌లో వచ్చిన అటాచ్‌మెంట్ డబుల్ క్లిక్ చేసి తెరవండి. మెయిల్ మెర్జ్ చేయండి, వర్డ్ లోంచి ఎక్సెల్ డేటాను లాగే దారి చాలాసార్లు ఇక్కడే బయటపడుతుంది. వేరే సాఫ్ట్‌వేర్‌లో "ఎక్స్‌పోర్ట్ టు ఎక్సెల్" నొక్కండి, బయట ఉన్న ప్రోగ్రామ్ పొర లోపలి ఎక్సెల్‌ని పిలవగలుగుతోందా అన్నది అప్పుడే తెలుస్తుంది. ఇవి చేయడానికి నేను కూర్చోను, అకౌంట్స్ నుంచి ఒకరు, హెచ్‌ఆర్ నుంచి ఒకరు, అడ్మిన్ నుంచి ఒకరు వాళ్ల సొంత ఫైళ్లతో గంటసేపు చేయాలి. బదులుగా వాళ్లకు మసాలా దోసె నా ఖర్చు.

మార్పు ఎప్పుడు చేయాలో క్యాలెండర్ మీద గీసుకోండి. 7వ తేదీలోగా టీడీఎస్ కట్టాలి, 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బీ. నెలాఖరున జీతాలు, పుస్తకాలు మూయడం. ఇవన్నీ కొట్టేస్తే మిగిలేది 21 నుంచి 25 దాకా. అందులో శుక్రవారాన్నీ తీసేయండి. నేను ఒక నెల 10వ తేదీ సాయంత్రం కొత్త వెర్షన్ పెట్టాను, "చిన్న అప్‌డేటే కదా" అని. ఆ రాత్రి ఇంటికి వెళ్లేసరికి మెట్రో పర్పుల్ లైన్‌లో ఆఖరి రైలు కూడా పోయింది.

మొదట రెండు సర్వర్లు, నాలుగు రోజులు ఆగి మరో నాలుగు, అప్పుడు మిగతావి. కొత్త వెర్షన్‌ని గ్లోబల్‌గా పబ్లిష్ చేసినా, ఎవరైనా ఆఫీస్ వాడుతూ ఉంటే మార్పు వెంటనే జరగదు, పెండింగ్‌లో పడి రీస్టార్ట్ తర్వాత అమలవుతుంది. లాగాఫ్ చేయకుండా స్క్రీన్ మీది విండో మూసేసి వెళ్లిపోయేవాళ్లు ప్రతి సర్వర్ మీదా ఇద్దరో ముగ్గురో ఉంటారు, అందుకే రీస్టార్ట్‌ని స్క్రిప్ట్‌కి వదిలేయడం మేలు.

వెనక్కి వెళ్లాల్సి వస్తే కొత్తదాన్ని అన్‌పబ్లిష్ చేసి, పాత వెర్షన్‌ని దాని నంబరుతో మళ్లీ పబ్లిష్ చేసి, రీస్టార్ట్ చేయాలి. కనెక్షన్ గ్రూప్ ఫైలులో కూడా ఆఫీస్ వెర్షన్ ఐడీ రాసి ఉంటే దాన్నీ పాతదానికి మార్చాలి. నేను అది ఒకసారి మర్చిపోయాను. ఆఫీస్ అంతా చక్కగా వెనక్కి వెళ్లింది, పొద్దున్నే కోలారు అక్క ఫోన్ చేసింది.